ఏడు తేనెపెట్టెల మేడం

మేడం పోయారన్న కబురు నాకు కడపలో తెలిసింది. సెలవు మీద ఇంటికొచ్చి అప్పటికి పదకొండో రోజు. పొద్దున పూట అమ్మను మంచం మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి చెవిలో మందు వేస్తున్నాను. ఫోన్ మోగింది. మస్కట్ నుంచి, బౌషర్‌లో మేడం ఇంటి తోటమాలి. మేడం ఎంత పిలిచినా లేవలేదట. డాక్టరొచ్చి చూసి, ఇక లేరని చెప్పి పోయాడట. దుబాయ్‌లో ఉన్న కొడుకు బయల్దేరాడట. అంబులెన్సు కూడా దారిలో ఉందట. అంతా ఒక్క గుక్కలో చెప్పి ఆగాడు. నేను అడిగిన మొదటి మాట, "ఈగలకు చెప్పినారా?" అని.

అతను, పాపం, చాలా మెల్లగా, మస్తాన్ భాయ్, నువ్వు కూర్చో, కొంచెం నీళ్ళు తాగు అన్నాడు. నాకు మతి చలించిందనుకున్నాడు. మీరూ అదే అనుకుంటారు. అందుకని ఆ ఫోన్‌ను అక్కడే ఉంచి మొదట్నుంచీ చెప్పుకొస్తాను.

పద్నాలుగేళ్ళు నేను మేడం ఇంట్లో డ్రైవరుగా చేశాను. డ్రైవరంటే కారు ఒక్కటే అనుకునేరు. గల్ఫులో ఇంటి డ్రైవరంటే బజారు, బ్యాంకు, ఆస్పత్రి, గ్యాసు సిలిండరు, పోయిన తాళంచెవులు, అన్నీ అతనివే. మేడం ఇంట్లో వీటికి తోడు తేనెటీగలు. మేడం భర్త, మా సార్, ఆనకట్టల ఇంజనీరుగా ఒమన్ వచ్చి, పని అయిపోయాక కూడా ఈ ఎండను వదిలిపోలేక ఉండిపోయిన మనిషి. కొండ పక్కన పాత విల్లా, వెనక తోట, తోటలో రేగుచెట్ల నీడన ఏడు చెక్కపెట్టెలు. చేరిన మొదటి వారమే మేడం నా తలకు వలటోపీ తొడిగి, చేతికి పొగడబ్బా ఇచ్చి, భయపడితే ఈగకు తెలిసిపోతుంది కాబట్టి భయపడొద్దు అన్నారు. ఇదేం న్యాయం? బ్రేకేస్తే ఆగడానికి భయమేమన్నా కారా? ఆ సాయంత్రానికి నా మూతి బూరెలా ఉబ్బింది. మేడం నవ్వు ఆపుకుంటూ ఉల్లిపాయ కోసి రుద్దారు.

ఒక్కటి తప్ప ప్రతి పెట్టెకూ ముందు చెక్క మీద ఒక బొమ్మ ఉండేది. అది వాళ్ళ వైపు ఆచారమట, ఏ ఈగ ఇల్లు ఏదో ఆ ఈగకు తెలియాలని. అన్నీ మేడం చేత్తో వేసినవే. ఒకదాని మీద మంచుకొండ. ఒకదాని మీద ఒంటె. ఒకదాని మీద నేను నడిపే తెల్లకారు, స్టీరింగు వెనక మీసాలతో ఒక గుండ్రటి మొహం. అది నేనేనని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇంకోదాని మీద కొమ్ముల సైతాను ఒక ఆడమనిషి నాలుక బయటికి లాగి సానరాయి మీద పట్టుకుని ఉంటాడు. పూర్వం ఊళ్ళో గయ్యాళులను వెక్కిరించడానికి వేసిన బొమ్మ అది. నేను పడీ పడీ నవ్వితే మేడం కూడా నవ్వి, మా నాలుకల మీద పని చేయడానికి సైతాను రానక్కర్లేకపోయింది మస్తాన్, మాకు బడి ఉండింది అన్నారు. అప్పటికి నాకు ఆ మాట అర్థం కాలేదు.

వాళ్ళది ఆస్ట్రియా దేశం. అక్కడ మాట్లాడేది జర్మన్ అని నాకు తెలుసు. సార్‌తో జర్మన్, కొడుకుతో ఫోన్‌లో జర్మన్. నాతో హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిపిన గల్ఫ్ కిచిడీ. మరి పొద్దున్నే టీ కప్పు పట్టుకుని తోటలోకి పోయి ఈగలతో మాట్లాడేది ఏమిటి? అది జర్మన్ కాదని నాకు రెండో వారానికే తెలిసిపోయింది. మెత్తగా ఉండేది, చివర్లు సాగేవి. తోటమాలిని అడిగితే, దువా చేస్తారేమో, మనకెందుకు అన్నాడు. అతను బంగ్లాదేశ్ మనిషి, పెద్దవాడు, ఈగలంటే ఆమడ దూరం.

ఒకరోజు అల్ ఖౌద్‌లో మొక్కల కొట్టు నుంచి తిరిగొస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నేనే అడిగేశాను. మేడం అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పారు. అది స్లొవేన్ భాష. ఆస్ట్రియాకు దక్షిణపు అంచున, కొండకు ఇటువైపు వాళ్ళ ఊరు. కొండకు అటువైపు స్లొవేనియా దేశం. ఇటువైపు పల్లెల్లోనూ కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నది ఆ మాటే. మీ వాళ్ళు అటునుంచి ఎప్పుడు వచ్చారు మేడం అని అడిగాను. వెనక సీట్లోంచి మేడం ముందుకు వంగారు. పద్నాలుగేళ్ళలో ఆమెకు కోపం రావడం నేను చూసింది నాలుగైదు సార్లే. అది మొదటిది.

"మేము ఎక్కడినుంచీ రాలేదు. మా ఇల్లు అక్కడే ఉంది. దేశాలే మారుతూ పోయాయి."

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, కొంచెం కొంచెంగా, సిగ్నళ్ళ దగ్గరా ఆస్పత్రి బల్లల మీదా మేడం చెప్పినవి కలుపుకుంటే నాకు తెలిసింది ఇది. ఇంట్లో ఒక మాట, బడిలో ఇంకో మాట. బడిలో ఇంటిమాట నోరు జారితే తోటి పిల్లలు మూతులు వంకర్లు తిప్పి వెక్కిరించేవాళ్ళు. వాళ్ళ అమ్మ ఇంట్లో గంట కొట్టినట్టు మాట్లాడే మనిషి, బస్సెక్కితే గొంతు తగ్గించేది. బస్సు దిగాక మళ్ళీ పెంచేది. మేడం పుట్టకముందు, రెండో ప్రపంచయుద్ధకాలంలో, ఒక పొద్దున పోలీసులొచ్చి, ఆ భాష మాట్లాడే ఇళ్ళను ఏరి, గంటలో సర్దుకోమన్నారు. చంకలో బిడ్డతో, చేతిలో మూటతో మేడం వాళ్ళ ఇంటిల్లిపాదినీ రైలెక్కించి దూరంగా శిబిరంలో పెట్టారు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చేసరికి ఇల్లుంది, పెరట్లో తేనెపెట్టెలూ ఉన్నాయి. ఈగలు లేవు. మేడం అవ్వ తను చనిపోయేదాకా ఒకటే మాట అనేదట, పోయిన గొడ్లకు ఏడవలేదు, గిన్నెలకు ఏడవలేదు, ఈగలకు చెప్పకుండా పోయామే అని.

ఇంటి మనిషి పోయినా, ఇల్లు వదిలిపోయినా తేనెటీగలకు చెప్పాలి. అది వాళ్ళ ఆచారం. చెప్పకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయి.

ఏడో పెట్టె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మిగతా ఆరూ ఒక వరసలో ఉంటే అది ఒక్కటీ తోట చివర, వేరే రేగుచెట్టు కింద ఉండేది. దాని ముందు బొమ్మ లేదు. బదులు దాని కప్పు ఒక పాత రేకు. ఎండకు కాలకుండా దానిమీద ఖర్జూరపాకు చాప పరిచేవాళ్ళం. చాప ఎత్తితే రేకు మీద రెండు వరసల అక్షరాలు. పైన జర్మన్‌లో వాళ్ళ ఊరి పేరు, కింద వాళ్ళ మాటలో అదే ఊరి పేరు. మేడం పడుచుగా ఉన్నప్పుడు ఆ ప్రాంతంలో ఊళ్ళ మొదట్లో రెండు భాషల్లోనూ పేర్లు రాసి బోర్డులు పెట్టారట. గుంపులు గుంపులుగా జనం కార్లలో వచ్చి వాటిని పీకేశారట. మర్నాడు మేడం నాన్న కాలవలో పడున్న తమ ఊరి బోర్డును తెచ్చుకుని, ఎవరికీ చెప్పకుండా, బోర్లించి ఒక తేనెపెట్టెకు కప్పు వేశాడు. పోలీసొచ్చి అడిగితే ఈగల్ని లేపి చూసుకోమన్నాడు. అతను లేపలేదు. ఆ రేకు మేడంతోపాటు ఓడలో సామానుగా మస్కట్ వచ్చి, ఇక్కడ అక్షరాలు పైకి తిరిగింది. ఏడో పెట్టెను మేడం 'మా ఊరు' అనేవారు. పొద్దున్నే ముందు దాని దగ్గరికే పోయి, వేలి కణుపుతో మూడుసార్లు తట్టి, "దొబ్రొ యుత్రొ" అనేవారు. మంచి పొద్దు అని.

నేను వాళ్ళ మాటలో నేర్చుకున్నవి ఆ రెండు ముక్కలే. నేర్చుకున్నదీ లేదు, రోజూ వినీ వినీ చెవిలో పడిపోయాయి.

ఇదంతా చదివి మేడం ఎప్పుడూ కన్నీళ్ళు పెట్టుకునే మనిషి అనుకుంటారేమో. లేదు. ఆమెకు తిండి మీద యావ, సరుకుల కొట్లో పేచీలు, నా పార్కింగు మీద వెటకారం. ఒక ఆదివారం వంటింట్లోంచి పిలిచి గిన్నె ముందు పెట్టారు. నల్లటి పిండిని ఉడకబెట్టి, కర్రతో కెలికి, పైన పుల్లటి పెరుగు పోశారు. చిన్నప్పుడు పొద్దున్నే తిన్న తిండి అట. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే, మేడం, ఇది మా సంగటి అన్నాను. ఆమె నమ్మలేదు. కడపవాడికి సంగటి మీద అనుమానమా? ఆ తర్వాతి శుక్రవారం ఘుబ్రాలో మనవాళ్ళ కొట్టు నుంచి రాగిపిండి తెచ్చి, వంటింటి తలుపేసి, చెమటలు కక్కుతూ కెలికి, ముద్ద చేసి పెట్టాను. మేడం ముద్దను చుట్టూ తిప్పి చూసి, చేత్తో తుంచి, పెరుగులో ముంచి తిన్నారు. సార్ కూడా తిన్నారు గానీ ఆయన చెంచాతో తిన్నారు. అప్పట్నుంచి ఒక ఆదివారం వాళ్ళది, ఒక ఆదివారం మాది.

తేనె తీసిన రోజు మాత్రం మేడం కొంచెం మారిపోయేవారు. ఇక్కడ తుమ్మపూల తేనె నల్లగా, రేగుపూల తేనె ఎర్రగా వస్తుంది. ఒమానీలు దానికోసం ఎంత దూరమైనా వస్తారు. మేడం మొదటి చెంచా నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి, "బాగుంది. కానీ ఇది కాదు" అనేవారు. ఏటా అదే చెంచా, అదే మాట. ఇక్కడ రేగుచెట్టు పూస్తుంది గానీ వాళ్ళ ఊరి పూలు ఎందుకు పూస్తాయి అని నేను లోపల విసుక్కునేవాణ్ణి. అయినా ప్రతి ఏడూ, ఈసారన్నా అదే అంటారేమోనని చెంచా వైపే చూసేవాణ్ణి.

పాట కూడా అంతే. కారులో పాడుకునేవారు. నిజం చెప్పాలంటే నాకు అది పాటలా వినపడేది కాదు. పైకి పోవాల్సిన చోట పోదు, ఒకే మెట్టు మీద తచ్చాడుతుంది. మేడం, ఇదేం పాట అని ఒకరోజు అడిగేశాను. నవ్వారు. వాళ్ళ పల్లెల్లో ఎవరూ ఒక్కరే పాడరట. నలుగురు నాలుగు గొంతులు పట్టుకుంటారట, అన్నీ కలిస్తే పాట. పెళ్ళికీ, చావుకీ, చర్చిలోనూ అంతే. ఆమెది చిన్నప్పట్నుంచీ కింది గొంతు. "పై గొంతు మా అక్కది. ఆమె మా ఊరి సమాధుల్లో ఉంది. నాకు నా ముక్క ఒక్కటే వచ్చు" అన్నారు. ఆ రోజు ఇల్లు చేరేదాకా నేను హారన్ కొట్టలేదు.

సార్ మంచి మనిషి. ఆ మాట మేడమే ఎన్నోసార్లు అన్నారు. కానీ ఆయన నగరం మనిషి, ఆయనకు ఆ భాష రాదు. కొడుక్కి నేర్పలేదా అంటే, నేనే నేర్పలేదు, బడిలో నేను పడ్డది వాడు పడకూడదనుకున్నాను, ఇప్పుడు వాడికి అయిదు భాషలొచ్చు, నాది తప్ప అన్నారు. కడపలో నా కూతురు ఇంగ్లీషు మీడియం.

ఆరేళ్ళ కింద సార్ పోయారు, ఇంట్లోనే, మధ్యాహ్నం భోజనం అయ్యాక. అందరం హడావుడిగా ఉన్నాం. మేడం లేచి, ఇంటి తాళంచెవి తీసుకుని తోటలోకి నడిచారు. దుఃఖంలో ఎటు పోతున్నారో అని వెనకే పోయాను. మొదటి పెట్టె మీద తాళంచెవితో మూడుసార్లు తట్టి, వంగి, ఏదో చెప్పారు. తర్వాత రెండోది. అలా ఆరూ అయ్యాక చివరగా 'మా ఊరు' దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడారు. అంబులెన్సు గేటు దగ్గర ఆగే ఉంది. ఆమె లేచేదాకా నేనే దాన్ని ఆపాను. అర్థం కాక నేను నిలబడ్డ చోటే, పోయినవాళ్ళ కోసం మేం చదివే ఫాతిహా చదివాను. తర్వాత చెప్పారు, మనిషి గడప దాటకముందే కబురు ఈగలకు అందాలని. ఇంకోటి కూడా చెప్పారు. కుక్క పోతే, గొడ్డు పోతే వాళ్ళ భాషలో చచ్చిందంటారట. తేనెటీగ పోతే మాత్రం మనిషికి వాడే మాటే వాడతారట.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కింద మేడానికి గుండె నొప్పి వచ్చి బౌషర్‌లోనే ఆస్పత్రిలో నాలుగు రోజులున్నారు. ఇంటికి తీసుకొస్తుంటే దారిలో కారు పక్కకు ఆపమన్నారు. ఆపాను.

"నేను పోయినప్పుడు ఈగలకు నువ్వు చెప్పాలి" అన్నారు.

అలాంటి మాటలు వద్దన్నాను. కొడుకున్నాడు కదా అన్నాను. వాడికి ఆ మాట రాదు అన్నారు. నాకూ రాదు కదా మేడం అన్నాను. అప్పుడామె అడిగారు, నీ ఇంటిమాటలో చెప్పు, డ్యూటీ మాటలో మాత్రం చెప్పొద్దు, నీ ఇంట్లో ఏం మాట్లాడతావు అని. తెలుగు అన్నాను. మేడం ఒప్పుకోలేదు.

"మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడేది అది కాదు. అమ్మ ఫోన్ వస్తే నువ్వు కారు దిగి దూరంగా పోతావు. గొంతు తగ్గిస్తావు. మా అమ్మ బస్సులో తగ్గించినట్టే."

దొరికిపోయిన దొంగలా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. నిజమే. మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. మా వైపు జనం దాన్ని తురకమాట అంటారు. బడిలో నా తెలుగుకు సాయిబు యాస అని నవ్వారు. పట్టుబట్టి వాళ్ళకంటే బాగా తెలుగు నేర్చుకున్నాను, ఇదిగో ఇలా రాసేటంత. మస్కట్ వచ్చాక రూమ్‌లో లక్నో వాళ్ళూ పాకిస్తాన్ వాళ్ళూ నా ఉర్దూకు నవ్వారు. వద్దు అనడానికి నక్కో, అవును అనడానికి హౌ అంటే చాలు, పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. దాంతో అమ్మతో తప్ప ఆ మాట ఎవరి ముందూ మాట్లాడటం మానేశాను. అమ్మతో కూడా గోడ చాటున. ఈ సంగతి నా భార్య కూడా పట్టుకోలేదు. వెనక సీట్లో కూర్చున్న వేరే దేశపు ముసలావిడ, ఒక్క ముక్క అర్థం కాకుండానే, పట్టుకుంది.

"మీ అమ్మ మాటలోనే చెప్పు. గట్టిగా చెప్పు" అన్నారు. సరేనన్నాను. కారు కదిలించాను.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వస్తాను. అంబులెన్సు దారిలో ఉంది. నేను కడపలో ఉన్నాను. మాటిచ్చినవాణ్ణి, సముద్రానికి ఇటువైపు చెవిమందు సీసా పట్టుకుని కూర్చున్నాను. తోటమాలికి ఆచారమంతా చెప్పి నమ్మించే వ్యవధి లేదు. అన్నా, మేడం వలటోపీ పెట్టుకో, తాళంచెవి తీసుకో, ఫోన్ స్పీకర్‌లో పెట్టి తోటలోకి నడువు అన్నాను. ఈగలంటే ఆమడ దూరం పోయే మనిషి, ఎదురు చెప్పకుండా నడిచాడు. ఆ ఒక్క పనికి నేనతనికి బతికున్నంతకాలం దణ్ణం పెడతాను.

మొదటి పెట్టె మీద తాళంచెవి మూడుసార్లు తట్టడం నాకు వినిపించింది. చెప్పు భాయ్ అన్నాడు. చుట్టూ చూశాను. గుడిసంత గది, కిటికీ తెరిచి ఉంది, పక్కింటివాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. అలవాటు కొద్దీ గొంతు తగ్గించబోయాను. మళ్ళీ నాకే రోషం వచ్చింది. గట్టిగా అన్నాను.

"అమ్మా గుజర్ గయీ. తుమే కహీఁ నక్కో జావ్. మై ఆతూఁ."

అమ్మ పోయింది. మీరెక్కడికీ పోవద్దు. నేను వస్తున్నాను. మేడం అనే మాట మా ఇంటిమాటలో లేదు. నోట్లోంచి అమ్మా అనే వచ్చింది.

రెండో పెట్టె. మూడోది. ప్రతిదానికీ అదే మాట, ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా. పక్కింటావిడ బిందె పక్కన పెట్టి గోడ మీంచి తొంగి చూసింది. "ఏం మస్తానన్నా, ఎవురితో మాట్లాడతాండావ్?" అంది. "తేనెటీగలతోనక్కా" అన్నాను. ఆమె బిందె తీసుకుని లోపలికి పోయింది. నా మొహం అలా ఉందేమో. మంచం మీద మా అమ్మ చెయ్యి చాపింది. ఫోన్‌ను ఆమె మంచి చెవి దగ్గర పెట్టాను. తోటమాలి పెట్టెకు దగ్గరగా పట్టుకున్నట్టున్నాడు, లోపల్నుంచి రొద వినపడుతోంది. అమ్మ చాలాసేపు విని, చాలామంది ఏడుస్తున్నారు రా, పెద్ద కుటుంబమా అని అడిగింది. హౌ అమ్మా అన్నాను.

ఆరో పెట్టె అయింది. ఇంక తోట చివర ఒకటుంది, అక్కడికి పో అన్నాను. అతను నడుస్తున్న చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. అంతలో ఫోన్ ఆగిపోయింది. అతని ఫోన్‌లో చార్జింగు అయిపోయింది. అరగంట తర్వాత అతనే వేరే ఫోన్ నుంచి చేశాడు. అప్పటికి మేడాన్ని తీసుకుపోయారు.

తొమ్మిది రోజుల తర్వాత మస్కట్ దిగాను. మట్టికి అందలేదు. సార్ పక్కనే పెట్టారు. కొడుకు ఇల్లు సర్దుతున్నాడు, మంచివాడు, నన్ను చూసి కౌగిలించుకున్నాడు. ఇంటి అద్దె గడువు ఇంకో ఏడాది ఉందని, అప్పటిదాకా తోట చూసుకోమని, తర్వాత ఆరు పెట్టెలు అల్ ఖౌద్‌లో ఒక ఒమానీ తేనె రైతు తీసుకుంటాడని, రేకు కప్పున్నది మాత్రం నీ ఇష్టమని చెప్పాడు. చివర అడిగాడు, అమ్మ పొద్దున్నే ఈగలతో ఏం మాట్లాడేది అని. కన్నతల్లి మాట డ్రైవరును అడగాల్సి వచ్చింది ఆ మనిషికి. నాకు తెలిసిన రెండు ముక్కలూ చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తర్వాత కారులో కూర్చుని చాలాసేపు ఇంజను వేయలేదు.

అతను పోయాక తాళంచెవి తీసుకుని తోట చివరికి నడిచాను. చెప్పనిది ఆ ఒక్కదానికే. పెట్టె ఖాళీగా ఉంటుందని నాకు గట్టి నమ్మకం. ఉంటే ఆ పాపం నాది, అప్పుడెప్పుడో వాళ్ళ అవ్వకు జరిగిందే మళ్ళీ జరిగినట్టు.

ఈగలు ఉన్నాయి. ఎప్పట్లాగే లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళ మీద కూర్చుని తాగుతున్నాయి. వాటికి ఏమీ తెలియదు. తాళంచెవి ఎత్తి, వంగి, నోరు తెరిచాను. అప్పుడు తట్టింది నాకు. ఇంట్లో మంచం ఖాళీ, వంటింట్లో గిన్నెలు అట్టపెట్టెల్లో, మనిషికి మట్టి ఇచ్చేశారు, అందరికీ తెలిసిపోయింది. ఈ ఒక్క పెట్టెలో మాత్రం మేడం ఇంకా పోలేదు. నేను చెబితే పోతారు.

తాళంచెవి జేబులో వేసుకుని వెనక్కి వచ్చాను. రేపు చెబుదామనుకున్నాను.

మూడు నెలలైంది. ఇప్పుడు వీసా మారి ఘుబ్రాలో బడి బస్సు నడుపుతున్నాను. పొద్దున్నే డ్యూటీకి ముందు బౌషర్ వచ్చి నీళ్ళు పెట్టి పోతాను. పని చేసే ఈగ బతికేది నెలన్నర అని మేడమే చెప్పారు. కాబట్టి ఆమె గొంతు విన్న పని ఈగలన్నీ ఈపాటికి పోయే ఉంటాయి. రాణి ఈగ ఒక్కటి ఉంటుంది, అది కొన్నేళ్ళు బతుకుతుంది. మాట తప్పినవాణ్ణని నాకు తెలుసు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది కూడా ఆ బరువు దించుకోవడానికే. కానీ మేడం, మీ అవ్వ ఏడ్చింది చెప్పకుండా వెళ్ళిపోయినందుకు కదా. నేను వెళ్ళలేదు. రోజూ వస్తున్నాను. బస్సులో అమ్మ ఫోన్ చేస్తే పిల్లల ముందే, గట్టిగానే మాట్లాడుతున్నాను.

ఈ పొద్దు కూడా చెబుదామనే పోయాను. చాప ఎత్తి రేకు మీద దుమ్ము తుడిచాను, రెండు పేర్లూ కనిపించాయి. తాళంచెవి తీయలేదు. వేలి కణుపుతో మూడుసార్లు తట్టాను.

"దొబ్రొ యుత్రొ" అన్నాను.

లోపల ఒక్కసారి గుయ్యిమని, మళ్ళీ సర్దుకుంది. చాప కప్పి డ్యూటీకి వచ్చేశాను.